చూరు నీళ్లు సముద్రానికి.. తాగే నీళ్లు టిన్నుల్లో!

ఇంట్లో దుబారా తగ్గించుకోండి, నీళ్లు పొదుపు చెయ్యండి అని పట్నంలో కూర్చున్నవాళ్లు చెబుతుంటే మీకు ఒళ్లు మండటంలో తప్పులేదు. ఎకరం, రెండెకరాలు చేసుకునే మనిషి ఇంట్లో దుబారా ఏముంటుంది గనక! పాత చీర బొంత అవుతుంది. యూరియా సంచి ధాన్యం ఆరబోసే పట్టా అవుతుంది. పగిలిన కుండ కోళ్లకు నీళ్ల చిప్ప అవుతుంది. పొదుపు పాఠం మనకు ఒకరు చెప్పక్కర్లేదు.

అయినా ఈ వారం ఇంటి సంగతే రాస్తున్నాను. గడిచిన పాతిక ముప్పయ్యేళ్లలో మన ఇళ్లలో కొన్ని మార్పులు చడీచప్పుడు లేకుండా జరిగిపోయాయి. ఇంట్లో ఉన్నదాన్ని బయట పారబోస్తున్నాం, అదే వస్తువును బజార్లో డబ్బిచ్చి కొంటున్నాం. బందరు, గుడివాడ, దివిసీమ.. మూడు చోట్లా ఈ జాబితాలో మొదటిది నీళ్లే. కాబట్టి నీళ్ల దగ్గరే మొదలుపెడదాం.

ఉప్పునీరు మన కాళ్ల కిందే

కృష్ణమ్మ ఎగువన ఆలమట్టి, నారాయణపూర్‌, జూరాల, శ్రీశైలం, నాగార్జునసాగర్‌, పులిచింతల దాటుకుని బెజవాడ చేరాలి. అక్కడ 1855లో ఆనకట్ట కట్టారు. 1957 నాటికి దాని చోట ప్రకాశం బ్యారేజీ వచ్చింది. 2015 నుంచి పట్టిసీమ పుణ్యమా అని గోదావరి నీళ్లు కూడా కొంత తోడయ్యాయి. ఇంతమంది దాటాక, ఇన్ని లాకులు దాటాక మన శివారుకు నీళ్లు రావాలి. వరికే కాదు, తాగడానికీ అవే నీళ్లు. వేసవిలో కాలవలు కట్టేసే లోగా ఊరి చెరువు నింపుకోవాలి. మళ్లీ కాలవ వదిలేదాకా ఆ చెరువే దిక్కు. 2019లో మొదలైన జల్‌ జీవన్‌ మిషన్‌ కింద చాలా ఇళ్లకు కుళాయిలు వచ్చాయి, సంతోషమే. కుళాయి కొత్తదే గాని దాని వెనక చెరువు మాత్రం పాతదే.

బోరు వేస్తే సరిపోదా అంటారు. మన ప్రాంతంలో చాలా ఊళ్లలో బోరు వేస్తే వచ్చేవి ఉప్పునీళ్లే. ఇది మన దురదృష్టమేమీ కాదు, నేల స్వభావం. ఈ నేలంతా ఒకప్పుడు సముద్రం వెనక్కి జరిగితే కృష్ణ ఒండ్రు పరిచి కట్టిన నేల. అడుగున ఉప్పు అలాగే ఉంది. వానవల్ల, కాలవ ఊటవల్ల దిగిన మంచినీరు తేలిక కాబట్టి ఆ ఉప్పునీటి మీద పాల మీద మీగడలా తేలుతూ ఉంటుంది. పుస్తకాల్లో దీనికో లెక్క ఉంది. సముద్ర మట్టం కన్నా ఒక అడుగు ఎత్తున మంచినీరు నిలిస్తే, అది కింద సుమారు నలభై అడుగుల దాకా ఉప్పునీటిని అణిచి ఉంచుతుంది. అదే లెక్క తిరగేసి చూడండి. మోటారు పెట్టి ఒక్క అడుగు దించేస్తే కిందనున్న ఉప్పు ఎంత పైకి లేస్తుందో! నేలను బట్టి ఈ లెక్క అటూ ఇటూ అవుతుంది గాని దారి మాత్రం అదే. నిన్నటిదాకా తియ్యగా ఉన్న ఫిల్టరు పాయింటు ఇవాళ చప్పరించింది అంటే, మీగడ అయిపోయి కిందది వస్తోందన్నమాట.

మన పెద్దవాళ్లు పుస్తకం చదవకుండానే ఇది గ్రహించారు. తీరం ఇసుక నేలల్లో లోతు నూతులు తవ్వకుండా దొరువులు తవ్వుకున్నారు. వెడల్పుగా, తక్కువ లోతులో గొయ్యి తీసి, ఊరినంత మేరకు కడవతో ముంచుకునేవారు. కృష్ణకు ఆవలి ఒడ్డున బాపట్లలో వ్యవసాయ విశ్వవిద్యాలయం వాళ్ల ఉప్పునీటి పరిశోధన విభాగం ఈ దొరువు పద్ధతినే తీసుకుని మెరుగుపరిచింది. అడ్డంగా గొట్టాలు పరిచి పై పొర నీటిని మాత్రమే మెల్లగా తీసుకునేలా చేసింది. ఇసుక పర్ర నేల ఉన్నవాళ్లకు అది పనికొస్తుంది. నల్లరేగడి వాళ్లకు పనికిరాదు. ఎవరి నేల వాళ్లు చూసుకోవాలి.

చుట్టూ నీళ్లుండీ గొంతు తడుపుకోలేని స్థితి ఏమిటో దివిసీమకు ఒకరు చెప్పాల్సిన పనిలేదు. 1977 నవంబరు 19 ఉప్పెన వేలమందిని పొట్టన పెట్టుకుంది. మిగిలినవాళ్లకు నూతుల్లో, చెరువుల్లో సముద్రపు నీళ్లే మిగిలాయి. ఆనాటివాళ్లు ఇంకా మన మధ్య ఉన్నారు. అడగండి, మంచినీళ్ల విలువ చెబుతారు.

చూరు కింద లెక్క

మరి పైనుంచి పడేదాని సంగతేమిటి? మన తీరంలో ఏడాదికి సగటున వెయ్యి మిల్లీమీటర్ల వాన, అంటే నలభై అంగుళాలు పడుతుంది. ఇరవై అడుగుల పొడవు, ఇరవై అడుగుల వెడల్పు ఉన్న చిన్న డాబా మీదో, పెంకుటింటి మీదో ఏడాదికి పడే నీళ్లు సుమారు 37 వేల లీటర్లు. ఎండకు ఆవిరయ్యేది, చిందిపోయేది, కడిగి పారబోసేది పావు వంతు తీసేసినా 28 వేల లీటర్లు నికరంగా మన చూరు మీద నుంచి జారి మురుక్కాలవలో పడి, డ్రెయిను వెంట సముద్రంలో కలుస్తున్నాయి.

ఇప్పుడు ఖర్చు చూడండి. అయిదుగురున్న ఇంట్లో తాగడానికి, వంటకు కలిపి రోజుకు ముప్పయి లీటర్లు సరిపోతాయి. స్నానాలు, బట్టలు ఇందులో లేవు. అవి కాలవ నీళ్లతోనో బోరు నీళ్లతోనో కానిస్తాం. వానలు ఆగిపోయే డిసెంబరు నుంచి మృగశిర దాకా సుమారు రెండు వందల రోజులు. అంటే ఆరు వేల లీటర్లు. చూరు నీళ్లలో ఇది నాలుగో వంతు కూడా కాదు. ఈ నీళ్లే ఇప్పుడు మనం టిన్నుల్లో కొంటున్నాం. రెండు వందల రోజులకు మూడు వందల టిన్నులు. టిన్ను పది రూపాయలే అనుకున్నా మూడు వేలు. ఇంటికి తెచ్చి ఇస్తే ఇంకా ఎక్కువ. ఆ టిన్ను నింపడానికి ఫిల్టరు యంత్రం దాదాపు ఇంకో టిన్నుడు, నీళ్లలో ఉప్పు ఎక్కువైతే అంతకు మించి కూడా, ఉప్పు కలిసిన నీళ్లు బయటికి వదులుతుంది. అవి ఎక్కడికి పోతున్నాయో మీ ఊళ్లో ఒకసారి వెనక్కి వెళ్లి చూడండి.

ఆరు వేల లీటర్ల తొట్టి ఒక్కసారి కట్టగలిగే స్తోమత అందరికీ ఉండదు. వెయ్యి లీటర్ల ప్లాస్టిక్‌ ట్యాంకుతో మొదలుపెట్టండి. జూన్‌ నుంచి నవంబరు దాకా అది ప్రతి పెద్ద వానకూ నిండుతూనే ఉంటుంది. అయిదు సెంటీమీటర్ల వాన ఒక్కటి పడితే ఆ డాబా మీద 1,800 లీటర్లకు తక్కువ రాదు. ఆ ఆరు నెలలూ టిన్ను జోలికి వెళ్లక్కర్లేదు. స్వాతి, విశాఖ కార్తెల వానలకు చివరిసారి నిండిన ట్యాంకును తాళం వేసి మే నెలకు దాచుకుంటే, చెరువు అడుగంటి నీళ్లు పచ్చబడే ఆ ముప్పయి రోజులు గట్టెక్కిస్తుంది. మరుసటేడు ఇంకో ట్యాంకు. ఒక్కసారే అన్నీ చెయ్యాలని లేదు.

కొన్ని జాగ్రత్తలు మాత్రం ఉన్నాయి. పట్నాల్లో లాగా నేలలో సంపు తవ్వొద్దు. మన దగ్గర నాలుగడుగులు తవ్వితే ఊట. సన్న బీట ఉన్నా ఉప్పు లోపలికి వస్తుంది. వరదొస్తే సంపు ములుగుతుంది. అరుగు కట్టి ట్యాంకును నేల మీదే పెట్టాలి. వానాకాలం మొదటి రెండు మూడు వానలు కప్పు కడిగెయ్యడానికి వదిలెయ్యాలి. తర్వాత కూడా ప్రతి వానకూ మొదటి పావుగంట నీళ్లు పక్కకు మళ్లించాలి. గొట్టం మూతికి దళసరి గుడ్డ కట్టాలి. వెలుతురు పడితే పాచి పడుతుంది, సందు ఉంటే దోమ గుడ్లు పెడుతుంది. మూత గట్టిగా ఉండాలి. అనుమానం ఉంటే కాచి చల్లార్చుకుని తాగాలి. సిమెంటు రేకులు పాతబడి పొడి రాలుతుంటే ఆ నీళ్లు నోట్లో పొయ్యకండి. తాటాకు, గడ్డి కప్పు నీళ్లు కూడా తాగడానికి వద్దు. ఆ ఇళ్లవాళ్లు నాలుగు కర్రలు పాతి పది అడుగులకు పన్నెండు అడుగుల కొత్త పట్టా కడితే, అయిదు సెంటీమీటర్ల వానకు అయిదు వందల లీటర్లు పట్టుకోవచ్చు. పురుగుమందు డబ్బాలు మాత్రం ఎన్నిసార్లు కడిగినా నీళ్లకు వాడొద్దు. చాలామంది వాడుతున్నారు కాబట్టే రాయాల్సి వస్తోంది.

ఇంకో మాట. బిందె మోసేది, క్యూలో నిలబడేది ఇంట్లో ఆడవాళ్లు. మోటారు కొనాలా, ట్యాంకు కొనాలా అని తేల్చేది మగవాళ్లు. బిందె మోసేవాళ్లను అడిగి తేలిస్తే ఈ పాటికి మన ఊళ్లలో సగం ఇళ్ల చూర్లకు గొట్టాలు ఉండేవి.

పప్పు ఉడకడం లేదా?

వాన నీళ్లు చప్పగా ఉంటాయని కొందరు మొహం చిట్లిస్తారు. నిజమే, అందులో ఉప్పులు లేవు. తిండిలో ఎలాగూ ఉప్పులు తింటాం కాబట్టి దిగులు లేదు. ఆ చప్పదనంలోనే లాభం ఉంది. బోరు నీళ్లతో కందిపప్పు ఎంతసేపు పెట్టినా పలుకు విడవదు. సున్నం, ఉప్పు ఉన్న నీళ్లలో పప్పు గింజ మెత్తబడదు. అదే వాన నీళ్లలో రాత్రి నానబెట్టి పొద్దున పెడితే ఇట్టే ఉడుకుతుంది. బియ్యం అరగంట నానబెట్టి, మూత పెట్టి వండితే ఇంకొంచెం కలిసొస్తుంది. మిగిలేది గ్యాసు.

గ్యాసు వద్దని చెప్పేవాణ్ని కాదు. 1999లో దీపం పథకం వచ్చాక మన ఆడవాళ్లు పొగ నుంచి బయటపడ్డారు. మళ్లీ కర్రల పొయ్యి దగ్గరకు పొమ్మనడం పాపం. 2024లో దీపం-2 కింద ఏడాదికి మూడు సిలిండర్లు ఉచితంగా ఇవ్వడం మొదలైంది. నాలుగోది మాత్రం మన జేబులోంచే. ఆ నాలుగోదాన్ని ఎన్ని నెలలు వెనక్కి జరపగలం అన్నదే ఇంటి లెక్క.

సబ్బు సంగతీ అంతే. ఉప్పునీళ్లకు నురగ రాదు కాబట్టి రెట్టింపు సబ్బు అరగదీస్తాం, గుప్పెడు పొడి ఎక్కువ పోస్తాం. బట్టల పొడిలో చాకలి సోడా ఉంటుంది. సోడా అంటే సోడియం. మన పెరళ్లు అసలే చౌడు. ఆ నీళ్లు ఏళ్ల తరబడి పెరట్లోకి వదిలితే నేల సిమెంటులా బిగిసిపోతుంది. అందుకని ఇంటి నీళ్లను రెండుగా చూడండి. బియ్యం కడిగినవి, కూరగాయలు కడిగినవి, సబ్బు లేకుండా గిన్నెలు తొలిచినవి తోటకూరకు, బచ్చలికి, సొరపాదుకు. బట్టల నీళ్లు కొబ్బరి మొదట్లోకి, అదీ రోజూ ఒకే చెట్టుకు కాకుండా. కొబ్బరి ఉప్పును కొంత ఓర్చుకుంటుంది, అరటి ఓర్చుకోదు. పొయ్యి బూడిద మొక్కలకు బలమని పెద్దలు చెప్పే మాట ఎర్రనేలలకు సరే. మన చౌడుకు బూడిద వెయ్యకండి, ఇంకా చెడుతుంది. పేడ ఎరువు, కుళ్లిన ఆకు, పచ్చిరొట్ట.. ఇవే చౌడుకు మందు.

గేదెతో పాటు పోయినవి

పేడ అన్నాను గాని ఎక్కడుంది పేడ? ఒకప్పుడు ప్రతి ఇంటి దొడ్లో కుడితి తొట్టి ఉండేది. బియ్యం కడుగు, గంజి, తవుడు, కూరగాయల తొక్కలు అన్నీ అందులోకే. అది గేదె తాగేది. గేదె పాలిచ్చేది, పేడ వేసేది. పేడ దిబ్బకు, దిబ్బ నుంచి చేనుకు. చేలో గడ్డి వామికి, వామి నుంచి మళ్లీ గేదెకు. వంటింట్లోంచి ఒక్క చుక్క, ఒక్క తొక్క ఊరి బజారులోకి రాకుండా ఆ జంతువు చూసుకునేది.

గేదెను అమ్మేశాక ఏమైంది? పాలు ప్యాకెట్లో వస్తున్నాయి, ఆ కవరు కాలవలోకి వెళుతోంది. కుడితి మురుక్కాలవలోకి వెళుతోంది, దోమలు మేపుతున్నాం. కోత మిషను వదిలిన గడ్డికి నిప్పు పెడుతున్నాం. టన్ను వరిగడ్డిలో అయిదారు కిలోల నత్రజని ఉంటుంది. ఎకరానికి రెండు టన్నుల గడ్డి వస్తుందనుకుంటే, సుమారు అర బస్తా యూరియాలో ఉన్నంత నత్రజని పొగై పోయినట్టే. ఆ తర్వాత బస్తా కోసం దుకాణం ముందు నిలబడతాం. గడ్డి కాల్చేది మినుము కోసమేనని మీరంటారు. చేతికోత ఉన్నప్పుడు కోతకు రెండు మూడు రోజుల ముందు పైరు మీదే మినుములు చల్లేవాళ్లం. మిషను వచ్చాక ఆ వీలు తగ్గింది, కూలీలు దొరకడం లేదు. కాదనను. కానీ గడ్డిని కట్టలు కట్టే మిషన్లూ వచ్చాయి. నలుగురు కలిసి అద్దెకు తెచ్చుకుంటే కట్టలు అమ్మినా డబ్బే, దాచినా మేతే. ఘంటసాల కృషి విజ్ఞాన కేంద్రంలో ఈ విషయాలు అడిగితే చెబుతారు.

అందరూ మళ్లీ గేదెలు కొనండి అని చెప్పడం తేలిక. పొద్దున్నే లేచి గడ్డి కోసి, పేడ తీసి, పాలు పితికేది ఎవరు? పిల్లలు హైదరాబాదులోనో బెజవాడలోనో ఉన్నారు, ఇంట్లో ఉన్నది ముసలివాళ్లిద్దరు. గేదె ఉన్న ఇల్లు వాడకు ఒకటి ఉన్నా, మీ కుడితి ఆ ఇంటికి పంపి దిబ్బలోంచి నాలుగు తట్టలు తెచ్చుకునే ఒప్పందం చేసుకోవచ్చు. అదీ లేకపోతే ఇంటి చెత్త, ఎండుటాకు, కాస్త గడ్డి పొరలు పొరలుగా వేసి మట్టి కప్పి కుళ్లబెట్టండి. గొయ్యి తియ్యకుండా నేల మీదే కుప్ప పొయ్యాలి, గొయ్యి అయితే మన ఊటకు నీళ్లు నిలిచి కంపు కొడుతుంది. రెండు మూడు గేదెలు కట్టేసి మేపేవాళ్లు మాత్రం గోబర్‌ గ్యాసు మాట ఆలోచించండి. ఒక ఘనపు మీటరు ప్లాంటుకు రోజూ పాతిక కిలోల పేడ, అన్నే నీళ్లు చాలు. రోజూ కలిపే మనిషి లేకపోతే కట్టించకండి. ఆలనా పాలనా లేక మూలపడిన ప్లాంట్లు చాలానే చూశాం.

చెరువు గట్టు మీద

ఇంటి వరకూ చెప్పింది ఇంటి వరకే. చూరు నీళ్లు ఎన్ని పట్టినా స్నానానికి, పశువుకు, పది మందికి ఊరి చెరువే గతి. ఇక్కడే మన అసలు పేచీ ఉంది. నందివాడ వైపు చేపల చెరువులు, బంటుమిల్లి, కృత్తివెన్ను, నాగాయలంక, కోడూరు వైపు రొయ్యల చెరువులు వచ్చి చాలా ఊళ్లలో మంచినీటి చెరువు గట్టు దాకా ఆనుకున్నాయి. 1996 డిసెంబరు 11న సుప్రీంకోర్టు రొయ్యల చెరువుల మీద ఇచ్చిన తీర్పు మీలో కొందరికి గుర్తుండే ఉంటుంది. పంట భూములను రొయ్యల చెరువులుగా మార్చకూడదని అందులో ఉంది. 2005లో తీర ప్రాంత ఆక్వాకు వేరే చట్టం వచ్చింది. కాగితాలు చాలా ఉన్నాయి. ఉప్పునీరు కాగితం చదవదు, మట్టిలోంచి ఊరుతుంది.

ఎకరం కౌలుకిచ్చిన చిన్న రైతును నేను తప్పుపట్టను. వరి గిట్టుబాటు కాక ఇచ్చాడు. ఇంటికి తాగునీరు తెచ్చేదీ అదే చెరువు నుంచి అన్నది మాత్రం కౌలు కాగితం మీద వేలిముద్ర వేసే ముందు గుర్తుండాలి. పంచాయతీలు కొన్నిచోట్ల మంచినీటి చెరువునే చేపల పాటకు ఇస్తుంటాయి. పాట డబ్బుతో వీధి దీపాలు వెలుగుతాయి గాని, పాటదారు మేత వేసిన నీళ్లు మన కుళాయిల్లోకి వస్తాయి. ఊరంతా టిన్నులకు పెట్టే ఖర్చు ముందు ఆ పాట డబ్బు ఎంత? పైన వేసిన లెక్క ప్రకారం వంద ఇళ్లు ఏడాదికి మూడు వేల చొప్పున పెడితే మూడు లక్షలు. మీ చెరువు పాట ఎంతకు పోయిందో పంచాయతీ కాగితాల్లో ఉంటుంది. రెండూ పక్కపక్కన పెట్టి గ్రామసభలో చదవమనండి.

2024 సెప్టెంబరు మొదట్లో ప్రకాశం బ్యారేజీ నుంచి 11 లక్షల క్యూసెక్కులకు పైగా నీళ్లు దిగువకు వదిలారు. లంకలు ములిగాయి, ఆ వరదంతా సముద్రంలో కలిసిపోయింది. అంత వరద వచ్చినా వేసవి రాగానే టిన్ను బండి మన వీధిలోకి రావాల్సిందే.

కాలవలు కట్టేసే తేదీ ప్రకటించగానే చెయ్యాల్సినవి నాలుగు ఉన్నాయి. చెరువు నింపే తూము దగ్గర మేట తీశారా? పక్క రొయ్యల చెరువు మురుగు మీ బోదెలోకి రావడం లేదు కదా? గట్టుకు బీటలున్నాయా? నింపిన వారానికి ఒక సీసా నీళ్లు పట్టి మండల కేంద్రంలో గ్రామీణ నీటి సరఫరా శాఖవాళ్లకిచ్చి పరీక్ష చేయించారా? నీళ్లు నింపేటప్పుడు తూము దగ్గర ఇద్దరు మనుషులు కాపలా ఉండాలి, రాత్రిపూట కూడా.